కుందేలు చెప్పిన సాక్ష్యం

మనిషి ఒంట్లోని ఐదు లీటర్ల నెత్తురులో కరిగి ఉండే చక్కెర ఎంతో లెక్కగడితే పరగడుపు వేళ ఐదు గ్రాములకు మించదు. టీలో వేసుకునే ఒక చెంచాడు. 100 మిల్లీలీటర్ల రక్తానికి 70 నుంచి 100 మిల్లీగ్రాముల మధ్య ఉండాల్సిన ఆ పాలు సగానికి పడిపోతే ఒళ్లంతా చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఆకలి దంచేస్తుంది. ఇంకాస్త తగ్గితే మెదడుకు మేత అందదు. మాట తడబడుతుంది, ఎదురుగా నిలబడ్డ సొంతవాళ్లను కూడా గుర్తుపట్టలేరు, చివరికి ఫిట్స్ వచ్చి స్పృహ తప్పుతారు. అలాంటి మనిషికి నరంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తే కాసేపట్లోనే కళ్లు తెరిచి, ఏం జరిగిందని అడుగుతాడు. షుగర్ మందులు వాడే ఇళ్లలో ఈ సంగతి ఎరగనివాళ్లు తక్కువ. ఏ మందూ వాడకుండానే ఇలా పడిపోయేవాళ్లు కూడా కొందరున్నారు. వాళ్ల క్లోమంలో శనగ గింజంతో రేగుపండంతో ఉన్న కణితి ఒకటి, ఆ మనిషి తిన్నాడో లేదో చూసుకోకుండా, ఇన్సులిన్ పోస్తూనే ఉంటుంది. దాన్ని ఇన్సులినోమా అంటారు. వైద్య పుస్తకాలు దీని చరిత్రను కణితి కథగా చెబుతాయి: ఫలానా ఏడు ఒకరు చూశారు, ఫలానా ఏడు ఒకరు కోసి తీశారు అని. ఆ వరస తప్పు కాదు గానీ అసలు సంగతి అందులో జారిపోతుంది. ఎదుటి జబ్బైన మధుమేహానికి మందు తయారై, ఆ మందు మోతాదు మించితే ఏమవుతుందో డాక్టర్లు కళ్లారా చూశాకే ఈ జబ్బు వాళ్ల కంటికి ఆనింది. ఇక్కడ మందు ముందు పుట్టింది, జబ్బు తర్వాత కనబడింది. ఈ క్రమం ఆ తర్వాతి వందేళ్లనూ వదలలేదన్నది నా వాదన.

ముందుగా పేరు సంగతి చూద్దాం. 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి తన పరిశోధన పత్రం కోసం కుందేలు క్లోమాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. జీర్ణరసం ఊరే కణాల నడుమ అక్కడక్కడా వేరే రకం కణాలు గుంపులు కట్టి ఉన్నాయి. అవి ఏం చేస్తాయో తనకు తెలియదని ఉన్నదున్నట్లు రాశాడు. 1893లో ఫ్రాన్స్‌లో లగెస్ ఆ గుంపులకు లాంగర్‌హాన్స్ ద్వీపాలని పేరు పెట్టాడు. అంతకు నాలుగేళ్ల ముందే స్ట్రాస్‌బర్గ్‌లో ఫాన్ మేరింగ్, మింకోవ్‌స్కీ కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి మధుమేహం వస్తుందని చూపించారు. ఆ ద్వీపాల నుంచి ఏదో ఊరుతుందని, అది చక్కెరను అదుపు చేస్తుందని ఊహ బలపడింది. లాటిన్‌లో ద్వీపాన్ని ఇన్సులా అంటారు. కంటికి కనబడని ఆ పదార్థానికి 1909లో బెల్జియంలో జాన్ ద మేయర్ ఇన్సులిన్ అని పేరు కూడా పెట్టేశాడు. మందు సీసాలోకి రావడానికి ఇంకా పన్నెండేళ్లకు పైగా ఉంది. మరి కణితి మాటేమిటి? దాన్ని 1902లోనే మాంట్రియల్‌లో ఆల్బర్ట్ నికల్స్ శవపరీక్షలో చూసి, లాంగర్‌హాన్స్ ద్వీపం నుంచి పుట్టిన గడ్డ ఇది అని పత్రికలో రాశాడు.

నా వాదనకు మొదటి అడ్డు ఇదే. 1902లో కణితిని చూసినవాడు ఉండగా జబ్బు 1922 తర్వాతే కనబడిందని ఎలా అంటారు? నికల్స్ చూసింది కణితిని. ఆ కణితి మోసిన మనిషి తెల్లవారుజామున చెమటలతో తడిసి లేచాడా, అన్నం వేళ దాటితే తిక్కగా మాట్లాడాడా, ఇలాంటివి అడగాలన్న తలపే ఆనాడు ఎవరికీ రాదు. గడ్డ ఉంటే ద్వీప కణాలు చెడి మధుమేహం రావాలి గానీ చక్కెర తగ్గుతుందని ఎందుకు అనుకుంటారు? చక్కెర ఎక్కువ కావడం ఒక్కటే ఆనాటి వైద్యానికి తెలిసిన జబ్బు. నికల్స్ దగ్గర వస్తువు ఉంది, దాన్ని అడగాల్సిన ప్రశ్న లేదు. ఆయన చూపును తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ గడ్డను అంత జాగ్రత్తగా వర్ణించి పెట్టాడు గనుకే పాతికేళ్ల తర్వాతివాళ్లకు అది పనికొచ్చింది.

ప్రశ్న పుట్టింది టొరంటోలో. 1921 వేసవిలో బాంటింగ్, బెస్ట్ అక్కడ మెక్లౌడ్ ప్రయోగశాలలో కుక్కల క్లోమం నుంచి రసం తీసే పని మొదలుపెట్టారు. ఆ ఏడాది చివర్లో జేమ్స్ కాలిప్ వాళ్లతో చేరాడు. రసం పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ప్రతిసారీ క్లోమం తీసేసిన కుక్క కావాలంటే కుదరదు గనుక కాలిప్ ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లకే ఆ రసం ఎక్కించి వాటి రక్తంలో చక్కెర చూడసాగాడు. రసం గట్టిగా ఉంటే కుందేలు మొదట ఆకలితో అల్లాడేది. తర్వాత ఉన్నట్టుండి తల వెనక్కి విరుచుకుని, పక్కకు పడి, పరుగెత్తుతున్నట్టు కాళ్లు కొట్టుకునేది. గ్లూకోజ్ ద్రావణం ఎక్కిస్తే లేచి మామూలుగా గెంతేది. మందు బలాన్ని కొలిచే మొదటి కొలమానం కూడా ఇదే అయింది. 24 గంటలు పస్తు పెట్టిన రెండు కిలోల కుందేలు చక్కెరను ఫిట్స్ వచ్చే మట్టానికి, అంటే 45 మిల్లీగ్రాములకు, దించగలిగినంత మందు ఒక యూనిట్. తర్వాత ఆ యూనిట్ పరిమాణాన్ని తగ్గించారు గానీ పుట్టుక మాత్రం అక్కడే. ఇవాళ మన ఫ్రిజ్‌లో ఉండే ఇన్సులిన్ సీసా మీద రాసి ఉండే యూనిట్ అన్న మాట వెనక ఆ పస్తున్న కుందేలు ఉంది. 1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆసుపత్రిలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు మొదటి సూది వేశారు. అది సరిగా పనిచేయలేదు. కాలిప్ శుద్ధి చేసిన రసంతో 23న మళ్లీ మొదలుపెట్టాక పిల్లవాడు కోలుకున్నాడు. ఇన్సులిన్ వాడకం పెరిగేకొద్దీ కుందేలుకు జరిగిందే మనుషులకూ జరగడం డాక్టర్లు చూశారు. వణుకు, చెమట, తిక్క మాటలు, ఫిట్స్, ఆ తర్వాత గ్లూకోజ్‌తో తేరుకోవడం. చక్కెర పడిపోతే మనిషి ఎలా ఉంటాడో వైద్యలోకం నేర్చుకుంది ఆ రోజుల్లోనే, తన చేతులతో తాను వేసిన సూది వల్లే.

అలబామాలోని బర్మింగ్‌హామ్‌కు చెందిన సీల్ హారిస్ 1923లో కొత్త మందు వాడకం నేర్చుకోవడానికి టొరంటో వెళ్లాడు. అక్కడ మోతాదు మించిన రోగుల్లో చూసిన లక్షణాలు తన ఊళ్లో షుగర్ లేని కొందరు రోగుల్లోనూ ఉన్నాయని ఆయనకు తట్టింది. వాళ్ల రక్తం పరీక్షించి, క్లోమం తనంతట తాను ఎక్కువ ఇన్సులిన్ ఊరించడం కూడా ఒక జబ్బేనని 1924లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ప్రకటించాడు. ఆయన ఆలోచన నడిచిన దారి గమనించండి. మందు వేసిన రోగిని చూసి, మందు వేయని రోగిని గుర్తుపట్టాడు. కణితి ఆయన కంటబడలేదు. అది రుజువైంది మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లోని మేయో క్లినిక్‌లో. 1926 డిసెంబరులో విలియం మేయో ఒక రోగి పొట్ట తెరిచాడు. ఆ రోగి స్వయానా సర్జన్. తరచూ చక్కెర పడిపోయి, నిలబెట్టడానికి గ్లూకోజ్ ఎంత పెట్టినా చాలని స్థితిలో ఆయన ఉన్నాడు. క్లోమంలో పుట్టిన క్యాన్సర్ అప్పటికే కాలేయానికి పాకిపోయింది, తీయడానికి వీల్లేదు. నెల తిరక్కుండా ఆయన చనిపోయాడు. రస్సెల్ వైల్డర్, ఆయన సహచరులు కాలేయంలోని ఆ కణితి నుంచి రసం తీసి కుందేళ్లకు ఎక్కించారు. కుందేళ్ల చక్కెర పడిపోయింది. 1927లో అచ్చయిన ఆ నివేదికతో ఒక గడ్డ ఇన్సులిన్ ఊరించగలదని మొదటిసారి తిరుగులేకుండా తేలింది. టొరంటోలో మందును తూచిన పరీక్ష ఏదో, రోచెస్టర్‌లో జబ్బును పట్టిచ్చిన పరీక్షా అదే. నా మాటకు ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదనుకుంటాను.

అయినా చదువుకున్న పాఠకులు ఇక్కడ రెండు గట్టి అభ్యంతరాలు చెప్పగలరు. మొదటిది, అసలు తల్లి మందు కాదు, కొలత. రక్తంలో చక్కెరను కొద్దిపాటి రక్తంతో కొలిచే పద్ధతులు ఇన్సులిన్ కంటే ముందే వచ్చాయి. స్వీడన్‌లో ఈవార్ బాంగ్ పద్ధతి 1913 నాటిది. హార్వర్డ్‌లో ఓటో ఫోలిన్, చైనా నుంచి వచ్చిన ష్యెన్ వూ కలిసి 1920 ప్రాంతంలో ఇచ్చిన పద్ధతి ఆసుపత్రుల్లో బాగా చెల్లింది. ప్రోటీన్లు తీసేసిన రక్తాన్ని రాగి ద్రావణంతో కాచి, మాలిబ్డినం కలిసిన ఆమ్లం పోస్తే నీలిరంగు తేలుతుంది. ఎంత నీలమో అంత చక్కెర. ఆ నీలిరంగుతో మనకు చుట్టరికం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇదే ఫోలిన్ నడిపిన విభాగంలో చేరి, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించారు. ఈనాటికీ జీవరసాయన శాస్త్ర విద్యార్థులు చేసే ఆ పరీక్షలో తేలేదీ మాలిబ్డినం నీలమే. కొలత లేకుండా ఈ జబ్బు తేలేది కాదన్నది నిజం. కానీ కొలత చేతికొచ్చిన ఆ కొన్నేళ్లలో దానితో వెతికింది ఎక్కువ చక్కెరనే. తక్కువ అంకె కూడా ఒక జబ్బు గుర్తు కావచ్చని కొలత దానంతటది చెప్పదు. పైగా ఫోలిన్-వూ పద్ధతి చక్కెర కాని మరికొన్ని పదార్థాలను కూడా చక్కెరగా లెక్కబెట్టి, అసలు కంటే 20 మిల్లీగ్రాముల పైచిలుకు ఎక్కువ చూపేది. చక్కెర పాళ్లు ఎంత తక్కువైతే ఆ తేడా అంత పెద్ద మోసం. ఒంటి అంకెను నమ్మి ఈ జబ్బును పట్టడం ఆనాడు అసాధ్యం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది, అదీ రోచెస్టర్ నుంచే. ఫ్రాంక్ మాన్, థామస్ మాగత్ మేయో సంస్థలోనే 1921 ప్రాంతంలో కుక్కల కాలేయం తీసేసి చూశారు. గంటల్లో చక్కెర పడిపోయి కుక్కలు కూలిపోయాయి. గ్లూకోజ్ ఎక్కిస్తే లేచి తోక ఊపాయి. ఇన్సులిన్ ప్రసక్తే లేకుండా చక్కెర లోటు రూపురేఖలు అక్కడివాళ్లకు తెలిశాయన్నమాట. దీన్ని దాటవేయడం న్యాయం కాదు. ఈ ప్రయోగం లేకపోతే వైల్డర్ అంత త్వరగా అంత లోతుకు వెళ్లేవాడు కాడేమో. అయితే అది చూపించిన దారి కాలేయం వైపు. చక్కెర తగ్గిందంటే కాలేయం చేతులెత్తేసిందని అర్థం. 1926 నాటి రోగి కాలేయమంతా కణితులే గనుక ఆ వివరణతో కేసు మూసేయడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. మూసేయకుండా ఆపింది కుందేలు. చెడిపోయిన కాలేయం చక్కెరను పుట్టించలేకపోవచ్చు, ఇంకో జంతువు చక్కెరను మాత్రం దించలేదు. దించే పదార్థం ఒకటుందని, దాని పేరేమిటో, దాన్ని ఎలా పట్టాలో మందు వచ్చాకే తెలిసింది.

కథ మళ్లీ టొరంటోకే చేరింది. 1929లో అక్కడి సర్జన్ రాస్కో గ్రాహం, ఫిట్స్‌తో స్పృహ తప్పిపోతున్న ఒక మహిళ క్లోమం నుంచి కణితిని తీసివేశాడు. ఆమె పూర్తిగా కోలుకుంది. కణితిని కోసి ఈ జబ్బు నయం చేయడం అదే మొదలు. ఆ నివేదిక రాసిన నలుగురిలో వాల్టర్ క్యాంప్‌బెల్ ఒకరు. ఏడేళ్ల ముందు అదే ఊళ్లో లెనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ వైద్యం చూసిన డాక్టర్ కూడా ఈయనే. చక్కెర ఎక్కువైన పిల్లవాడికి ఇన్సులిన్ ఇచ్చిన మనిషే, ఇన్సులిన్ ఎక్కువైన ఆమె జబ్బునూ చూశాడు. దీన్ని కాకతాళీయం అనలేం. చక్కెర లోటు చిత్రాన్ని అంతగా చూసి ఉన్న కళ్లు ఆనాడు ప్రపంచంలో బహుశా ఆ ఆసుపత్రిలోనే ఎక్కువ.

ఇంత మంచికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. కొత్త చూపు రాగానే చూసిన చోటల్లా అదే కనబడసాగింది. నీరసం, దిగులు, కళ్లు తిరగడం, ఏదైనా అధిక ఇన్సులిన్ ఖాతాలోకి వెళ్లింది. కణితి కనబడకపోయినా క్లోమంలో కొంత భాగం కోసి చూసే ప్రయత్నాలు జరిగాయి. బాల్టిమోర్‌కు చెందిన ఫిన్నీ తండ్రీకొడుకుల 1928 నివేదిక అలాంటిదే. క్లోమం మీద కత్తి పెట్టడమంటే ఇప్పటికీ చిన్న విషయం కాదు, యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో అది ప్రాణాలతో చెలగాటం. ఈ ఉరవడికి అడ్డుకట్ట వేసింది న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ సర్జన్ ఆలెన్ విపుల్. 1935లో ఆయన, శస్త్రచికిత్స నేర్చి కణజాల పరీక్షల్లో నిపుణురాలైన వర్జీనియా నీలండ్ ఫ్రాంట్జ్ కలిసి అప్పటిదాకా అచ్చయిన కేసులన్నీ జల్లెడ పట్టారు. విపుల్ మూడు షరతులు పెట్టాడు. దాడి పస్తుతో రావాలి, ఆ వేళ చక్కెర 50 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉండాలి, గ్లూకోజ్ ఇవ్వగానే తగ్గాలి. మూడూ కలిస్తేనే పొట్ట తెరవాలి. విపుల్ త్రయం అని ఇవాళ విద్యార్థులు బట్టీపట్టే ఈ సూత్రం పుట్టింది సర్జన్ చెయ్యి పట్టుకుని ఆపడానికి. మూడో షరతును మరోసారి చదవండి. గ్లూకోజ్‌తో లేచి గెంతిన కాలిప్ కుందేలే అందులో ఉంది. నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఆ మూడోదానికే. కొలత 20 మిల్లీగ్రాములు అటూఇటూ అయ్యే కాలంలో అంకె అబద్ధమాడినా తేరుకున్న మనిషి అబద్ధమాడడు. సరిగ్గా ఆ ఏళ్లలోనే, 1933లో, వియన్నాలో మాన్‌ఫ్రెడ్ సాకెల్ మానసిక రోగులకు కావాలని ఇన్సులిన్ ఎక్కించి స్పృహ తప్పించే చికిత్స ప్రవేశపెట్టాడు. అది ఎన్నో దేశాల మానసిక చికిత్సాలయాలకు పాకి 1950ల దాకా నడిచింది. పొద్దున్నే తిక్కగా మాట్లాడే ఇన్సులినోమా రోగిని పిచ్చివాడనో మూర్ఛరోగి అనో తాగుబోతు అనో ముద్ర వేసే ప్రమాదం ఉన్న కాలం అది. అదే చక్కెర లోటును పక్క గదిలో వైద్యంగా ఇస్తున్న కాలం కూడా అదేనని తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఇలా చెబితే జబ్బును డాక్టర్లే సృష్టించారన్నట్టు ఉందని ఎవరైనా నొచ్చుకోవచ్చు. నేననేది అది కాదు. బాంటింగ్ పుట్టకముందు కూడా తెల్లవారుజామున చెమటలతో తడిసి, మతి తప్పి పడిపోయినవాళ్లు ఉండే ఉంటారు. కాస్త తింటే నెమ్మదిస్తుందని కనిపెట్టి, రాత్రిళ్లు లేచి తినడం అలవాటు చేసుకున్నవాళ్లూ ఉంటారు. ఈ రోగుల్లో ఒళ్లు పెరగడం మామూలే. వాళ్ల బాధ ఏ పేరూ లేకపోయినా నిజమే. పేరు లేని బాధకు వైద్యం ఉండదు, అదొక్కటే తేడా. తిక్క అనో, పూనకం అనో ఆ బాధ వేరే ఖాతాలో జమ అవుతుంది.

మందుకూ జబ్బుకూ ఉన్న ముడి తర్వాత కూడా వదలలేదు. గ్లూకోజ్ ఎక్కితే తేరుకునేది కణితి వల్ల పడిపోయిన మనిషి ఒక్కడే కాదు, ఎవరో దొంగచాటుగా ఇన్సులిన్ వేసిన మనిషీ తేరుకుంటాడు. 1957లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక మగ నర్సు తన భార్యను ఇన్సులిన్ సూదితో చంపాడు. సూది దిగిన చోట కండరం నుంచి రసం తీసి చిన్న ప్రాణులకు ఎక్కించి చూస్తే వాటి చక్కెర పడిపోయింది, నేరం రుజువైంది. ముప్పై ఏళ్ల ముందు వైల్డర్ చేసిన పరీక్షే, ఈసారి కోర్టు కోసం. 1960లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రేడియోధార్మిక గుర్తుల సాయంతో రక్తంలో ఇన్సులిన్‌ను నేరుగా కొలిచే పద్ధతి ప్రకటించాక జంతువుల పని తీరింది. యాలోకు 1977లో నోబెల్ వచ్చింది, బెర్సన్ అప్పటికి కన్నుమూశాడు. ఇన్సులిన్ ఎంత ఉందో తెలిసినా ఎక్కడిదో తెలియదు. ఆ చిక్కు విప్పింది షికాగోలో డొనాల్డ్ స్టైనర్. క్లోమం ఇన్సులిన్‌ను ఒక పెద్ద అణువుగా తయారుచేసి రెండుగా తెంచుతుందని, రెండో ముక్క సి-పెప్టైడ్ కూడా రక్తంలోకి వస్తుందని 1967 నుంచి ఆయన పరిశోధనలు తేల్చాయి. సీసాలోని ఇన్సులిన్‌కు ఆ తోడు ఉండదు.

మేయో క్లినిక్ 1927 నుంచి 1986 దాకా తన దగ్గరికొచ్చిన 224 మంది ఇన్సులినోమా రోగుల లెక్క 1991లో ప్రచురించింది. ఆ ఊరున్న కౌంటీలో ఈ జబ్బు పది లక్షల మందిలో ఏడాదికి నలుగురికి వచ్చింది. క్యాన్సర్‌గా మారినవి నూటికి ఆరు. కణితి తీసేస్తే చాలామంది మామూలు ఆయుర్దాయంతో బతికారు. అమెరికాలోని ఒక చిన్న కౌంటీ లెక్క మనకు అతకాలని లేదు గానీ, 2011 జనాభా ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఆ లెక్క వేసి చూస్తే ఏడాదికి 300 పైచిలుకు మంది తేలుతారు. అరుదు అన్న మాట ఒక్క ఊరికి నిజం, ఎనిమిదిన్నర కోట్ల మందికి చెప్పడానికి మనసొప్పదు.

ఇవాళ్టికీ ఈ జబ్బును నిర్ధారించే ముఖ్యమైన పరీక్ష పస్తు. లంఖణం పరమౌషధం అంటాం, ఇక్కడ లంఖణం సాక్షి. రోగిని ఆసుపత్రిలో చేర్చి 72 గంటల దాకా మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టరు. చాలామందికి రెండు రోజులు కూడా పట్టదు. నర్సు గంటల లెక్కన వేలికొన పొడిచి చూస్తూ ఉంటుంది, పేరు అడుగుతుంది, చిన్న కూడికలు చెప్పమంటుంది. కూడిక తప్పినప్పుడు, చక్కెర 45 దగ్గరికి దిగినప్పుడు రక్తం తీస్తారు, ఆ తర్వాత గ్లూకోజ్ ఎక్కిస్తారు. రక్తంలో ఇన్సులిన్, సి-పెప్టైడ్ రెండూ ఎక్కువగా ఉంటే కణితి ఉందనేయాలి కదా? ఇంకా అనరు. 1942లో ఫ్రాన్స్‌లోని మాంట్‌పెల్లియర్‌లో టైఫాయిడ్ రోగులకు ఇచ్చిన ఒక సల్ఫా మందు వాళ్ల చక్కెరను ప్రమాదంగా దించింది. ఆ చేదు అనుభవం నుంచే నేటి గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి షుగర్ బిళ్లల వంశం పుట్టింది. ఆ బిళ్లలు క్లోమం చేతే ఇన్సులిన్ ఊరింపజేస్తాయి గనుక సి-పెప్టైడ్ కూడా పెరుగుతుంది. రక్తంలో అచ్చం కణితి ఉన్న మనిషి లెక్కే వస్తుంది. మన ఇళ్లలో బీపీ బిళ్లల డబ్బాలోనే షుగర్ బిళ్లలూ ఉంటాయి, ఒకరివి ఇంకొకరు వేసుకోవడమూ జరుగుతుంది. అందుకే పస్తు చివర తీసిన రక్తంలో కొంత ఇంకో గొట్టంలో పోసి, ఆ బిళ్లల జాడ ఉందేమో చూడమని ల్యాబ్‌కు పంపుతారు. అది లేదని కబురు వచ్చాకే కణితి ఎక్కడుందో వెతకడం మొదలవుతుంది.